‘ఏమో’కి అరవై మార్కులు



మాస్టారి పేరు నా వెనక బ్యానరు మీద ఉంది కాబట్టి మళ్ళీ చెప్పను. ఈ గదిలో సగంమందికి ఆయన మాస్టారు, మిగతా సగానికి మాస్టారి శిష్యులు మాస్టార్లు. స్మారకోపన్యాసం అనగానే మొదటి పది నిమిషాలు పొగడ్తలకి వదిలేయడం మన ఆనవాయితీ. ఆయన ఉండగా ఎవరైనా ఆ పని మొదలుపెడితే లేచి సోడా తాగడానికి బయటికి వెళ్ళిపోయేవారు. అందుకని ఆయన మాకు అంటించిన అలవాటొకటి చెప్పి విషయంలోకి వెళ్తాను. ఏ ప్రశ్నావళినైనా రోగి చేతికిచ్చే ముందు మమ్మల్నే నింపమనేవారు. నింపాక స్కోరు అడిగేవారు కాదు. “పెన్ను ఎక్కడ ఆగిందిరా?” అని అడిగేవారు. ఆగినచోట ప్రశ్నలోనైనా ఏదో ఉండాలి, మనలోనైనా ఏదో ఉండాలి. ఆ రెండిట్లో ఏదో తేల్చడానికే జీతమిస్తున్నారు మనకి అనేవారు.

ఈ రోజు నేను ఎత్తుకున్న ప్రశ్నావళికి పెన్ను ఆగడమే విషయం. తమకేమనిపిస్తోందో తామే పోల్చుకోలేని మనుషులుంటారు. కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి, ఎందుకో చెప్పలేరు. గుండె దడదడలాడుతుంది, అది భయమో కోపమో బీపీయో తేల్చుకోలేరు. ఈ తీరుకి మనస్తత్వశాస్త్రం పెట్టిన పేరు అలెక్సిథీమియా. దీన్ని కొలవడానికి నలభై ఏళ్ళుగా అన్నిటికన్నా ఎక్కువ వాడుకలో ఉన్న పద్ధతి, ఆ మనిషికే కాగితమిచ్చి అడగడం. మీకేమనిపిస్తోందో మీకు తెలియదా, ఎంత తెలియదు, ఒకటి నుంచి అయిదు లోపు ఒక అంకె చుట్టండి. ఇందులో ఉన్న విడ్డూరం బీఏ మొదటి సంవత్సరం కుర్రాడికి కూడా వెంటనే తడుతుంది. అంత తేలిగ్గా తట్టే విడ్డూరం అంత ప్రమాదకరమైంది కాదని నా వాదన. మొదటి చూపుకి కనబడని చిక్కు వేరే ఉంది. నా గొడవ దానితో.

ముందు ఈ పేరు ఎక్కణ్ణుంచి వచ్చిందో చూద్దాం. పీటర్ సిఫ్నియోస్ గ్రీకు మూలాలున్న మానసిక వైద్యుడు, బోస్టన్‌లోని బెత్ ఇజ్రాయెల్ హాస్పిటల్‌లో పనిచేసేవారు. 1973లో అచ్చయిన వ్యాసంలో ఈ మాట వాడారు. అప్పటికే కొన్నేళ్ళుగా ఆయనా, జాన్ నెమాయా కలిసి ఒక రకం రోగుల్ని గమనిస్తున్నారు. కడుపులో పుండ్లు, ఉబ్బసం, పెద్దపేగు వాపు లాంటి జబ్బులతో తిరిగి తిరిగి చివరికి మానసిక వైద్యుల దగ్గరికి చేరినవాళ్ళు. వాళ్ళతో మాటల వైద్యం ముందుకి సాగేది కాదు. జరిగిందేమిటో పూసగుచ్చినట్టు చెప్పేవారు. అప్పుడు మీకేమనిపించింది అంటే మళ్ళీ జరిగిందే చెప్పేవారు. మన దగ్గరైతే, నాన్న పోయినప్పుడు ఎలా అనిపించిందని అడిగితే అంబులెన్సు ఎన్నింటికి వచ్చిందో, శవాన్ని ఎప్పుడు ఎత్తారో, పెద్దకర్మ నాడు ఎంతమంది భోంచేశారో చెప్పడం లాంటిది.

అంతకు పదేళ్ళ ముందే, 1963లో, పియేర్ మార్తీ, మిషెల్ ద మ్యుజాన్ అనే ఫ్రెంచి మనోవిశ్లేషకులు ఇలాంటి ధోరణినే వర్ణించారు. చేస్తున్న పనిని అంటిపెట్టుకుని ఉంటూ ఊహకి చోటివ్వని ఆలోచన అది. హెన్రీ క్రిస్టల్ ఇంకో దారిలో ఇక్కడికే వచ్చారు. నాజీ శిబిరాల నుంచి ప్రాణాలతో బయటపడ్డ మనిషి. అమెరికా చేరి మానసిక వైద్యుడై, తనలాగే బతికి బయటపడ్డవాళ్ళకి వైద్యం చేశారు. భరించరానిది భరించినవాళ్ళలో ఉద్వేగాలు ఒకదాన్నుంచి ఒకటి విడివడక ఒంటి బాధలుగా ఎలా తేలతాయో ఆయన రాసింది ఈ రంగంలోకి వచ్చేవాళ్ళు తప్పక చదవాలి. పేరు ఒక్కటే గానీ దాని వెనక కనీసం రెండు కథలున్నాయన్నమాట. చిన్నప్పట్నుంచీ ఉన్న తీరు ఒకటి, దెబ్బతిన్నాక బిగుసుకుపోయిన తీరు ఇంకొకటి. స్కోరు షీటులో మాత్రం ఈ రెండూ ఒకే గడిలో పడతాయి.

మొదట్లో రోగిని అడిగేవారు కాదు. సిఫ్నియోస్ తయారుచేసిన 17 ప్రశ్నల పట్టీని రోగితో మాట్లాడాక డాక్టరే నింపేవారు. అందులో తర్కం ఉంది: గుడ్డిచుక్క ఉన్నవాడికి అది కనబడదు కాబట్టి ఎదుటివాడు చూడాలి. కానీ నింపిన డాక్టర్ని బట్టి స్కోరు మారేది. ఓపిగ్గా కూర్చునే డాక్టరు దగ్గర మాటలు దొరికిన రోగికి, వాచీ చూసుకునే డాక్టరు దగ్గర దొరకవు. 1980లో ఇద్దరు పరిశోధకులు మిన్నెసోటా వ్యక్తిత్వ పరీక్షలోంచి 22 అంశాలు ఏరి ఒక స్కేలు చేశారు. అది నిలబడలేదు. ఇక టొరంటోలో గ్రేమ్ టేలర్, ఆయన సహచరులు మొదట్నుంచీ పద్ధతిగా కట్టుకొచ్చారు. 1985లో 26 అంశాల స్కేలు వచ్చింది. 1994లో బాగ్బీ, పార్కర్, టేలర్ దాన్ని సవరించి 20 అంశాలకి కుదించారు. టాస్-20 (టొరంటో అలెక్సిథీమియా స్కేలు) అని ఈ గదిలో అందరికీ తెలిసిన స్కేలు అదే. ఈ విషయం మీద ప్రపంచంలో అచ్చవుతున్న పరిశోధనలో పెద్ద భాగం ఈ ఇరవై వాక్యాల మీద నిలబడి ఉంది.

ఆ ఇరవైలో ఏడు ఉద్వేగాన్ని గుర్తుపట్టడం గురించి, అయిదు దాన్ని ఇతరులకి చెప్పడం గురించి, ఎనిమిది దృష్టి లోపలికి తిరుగుతుందా బయటి సంగతుల మీదే ఉంటుందా అనే దాని గురించి. ఒక్కోదానికి ఒకటి నుంచి అయిదు. మొత్తం 20 నుంచి 100. అరవై ఒకటి, ఆపైన వస్తే అలెక్సిథీమియా ఉన్నట్టు. యాభై ఒకటి, ఆలోపు వస్తే లేనట్టు. మధ్యలో ఉన్నవాళ్ళు మధ్యలో ఉన్నట్టు.

ఇక్కడ చిన్న లెక్క. ఒకాయన కాగితం తీసుకుని ఇరవై వాక్యాలకీ మధ్య గడే నింపాడనుకోండి. ఒప్పుకుంటాననీ అనడు, ఒప్పుకోననీ అనడు. ఇరవై మూళ్ళు అరవై. తిరగేసి, అంటే ఒకటికి అయిదు, అయిదుకి ఒకటిగా, లెక్కపెట్టాల్సిన అంశాలు అయిదున్నాయి. వాటిల్లోనూ మూడు తిరగేస్తే మూడే. అంటే ప్రతి ప్రశ్నకీ ‘ఏమో’ అన్న మనిషికి అరవై మార్కులు వస్తాయి. ఇంకొక్క మార్కు వస్తే రోగలక్షణం ఉన్నట్టు. ఆయనకి నిజంగా ఏమీ తెలియలేదా, ప్రశ్నలు అర్థం కాలేదా, ఓపీలో పేరు పిలుస్తారేమోనని హడావిడిలో ఉన్నాడా, లేక కాగితం మీద తన గురించి ఏదీ తేల్చి రాయడం ఇష్టంలేని పాతకాలపు గుమాస్తానా? స్కోరు చెప్పదు. గీత ఎక్కడ గీసినా ఏదో ఒక వింత తప్పదని నాకూ తెలుసు. కానీ ‘ఏమో’ అనడమే లక్షణమైన స్థితిని కొలిచే స్కేలులో ‘ఏమో’ గడికి ఏ అర్థం చెప్పాలో కాస్త ఎక్కువ ఆలోచించాల్సింది.

సరే, విడ్డూరం దగ్గరికి వస్తాను. తనకి తెలియదని తనకెలా తెలుస్తుంది? ఇది ఈ ఒక్క స్కేలు మీదే పడ్డ ఆక్షేపణ అనుకోకండి. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా సైన్యానికి రాబర్ట్ వుడ్‌వర్త్ ఒక పట్టీ తయారుచేశారు, యుద్ధభయానికి లొంగిపోయే కుర్రాళ్ళని ముందే పోల్చుకోవడానికి. 116 ప్రశ్నలు, అవును-కాదు జవాబులు. అప్పట్నుంచీ స్వీయ నివేదికకి ఈ ప్రశ్న ఎదురవుతూనే ఉంది. 1977లో నిస్బెట్, విల్సన్ రాసిన వ్యాసంలో మేజోళ్ళ సంగతి మీలో చాలామంది చదివే ఉంటారు. నాలుగు జతలు, నాలుగూ ఒకే సరుకు, బల్ల మీద వరసగా పెట్టి ఏది బాగుందని అడిగారు. జనం కుడిచివర ఉన్నదాన్ని ఎక్కువగా ఎంచుకున్నారు. ఎందుకంటే నేత అన్నారు, నాణ్యత అన్నారు. పెట్టిన చోటువల్ల అని ఎవరూ అనలేదు. తమ మనసులో జరిగినదానికి కారణం చెప్పడంలో ఆరోగ్యవంతులందరూ ఇంతే. అలెక్సిథీమియా ఉన్నవాళ్ళని మాత్రమే నమ్మరాని సాక్షులుగా నిలబెట్టడం న్యాయం కాదు.

పైగా స్కేలు అడుగుతున్నది ఉద్వేగమేమిటో చెప్పమని కాదు, దాన్ని గుర్తుపట్టడంలో తడబడుతున్నావా అని. ఈ రెండూ వేరు. వినికిడి తగ్గిన పెద్దాయనకి తను వినలేకపోయిన శబ్దమేదో తెలియదు. కానీ టీవీ సౌండు తగ్గించమని కోడలు రోజూ అంటుందనీ, ఫోన్లో రెండుమూడుసార్లు అడిగించుకుంటున్నాననీ ఆయనకి బాగా తెలుసు. ఆ ప్రశ్నలడిగితే సరైన జవాబే చెబుతాడు. ఇక్కడా అంతే. “నీ మనసులో ఏముందో ఎప్పుడైనా చెప్పావా?” అని భార్య పదేళ్ళుగా పోరుతున్న మనిషికి, తన మనసులో ఏముందో తెలియకపోయినా, చెప్పలేకపోతున్నానని తెలుస్తుంది. టాస్-20లో ఇతరులకి చెప్పడానికి సంబంధించిన అంశాల స్కోరు చాలావరకు ఈ తెలివిడి మీదే నిలబడుతుంది. ఈ రంగంలో చాలాకాలం ఇదే జవాబు చెప్పుకుంటూ వచ్చారు, అది చాలావరకు సబబే.

చాలావరకు అన్నాను. ఎందుకంటే ఆ మాట అనే మనిషి ఇంట్లో ఉండాలి. పోరే భార్య లేనివాడికి, లేదా ఆ పోరు వినడం మానేసినవాడికి, తడబాటు కూడా తెలియదు. అతను ధీమాగా ఒకట్లు చుట్టేస్తాడు; నాకంతా తెలుసు, నాకేం ఇబ్బంది లేదు. అతని స్కోరు గీతకి బాగా దిగువన వస్తుంది. ఈ రెండో రకాన్ని పట్టుకోవడానికి పనికొచ్చే వేరే దారిని రిచర్డ్ లేన్ బృందం 1990లో తొక్కింది. వాళ్ళ పరీక్షలో ఇరవై చిన్న సన్నివేశాలుంటాయి. ప్రతి సన్నివేశంలో నీకేమనిపిస్తుంది, ఎదుటివాడికేమనిపిస్తుంది, రాయాలి. ఒంటి బాధ మాత్రమే రాస్తే తక్కువ మెట్టు, బాగోలేదు అని రాస్తే ఇంకో మెట్టు, భయం అని పేరు పెడితే ఇంకో మెట్టు, సిగ్గూ కోపమూ కలగలిశాయని రాస్తే ఆపై మెట్టు. నీకెంత తెలుసని అడగదు, చేసి చూపించమంటుంది.

ఇప్పుడీ రెండు పరీక్షలూ ఒకటే మనిషికి పెడితే ఏమవుతుంది? లేన్ పరీక్షలో తక్కువ తెచ్చుకున్నవాడు టాస్-20లో ఎక్కువ తెచ్చుకోవాలి కదా. 2018లో అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నీ కలిపి లెక్కగట్టారు. సహసంబంధం మైనస్ 0.12 దాపుల్లో తేలింది. లెక్కల భాషలోంచి మామూలు భాషలోకి దింపితే, ఈ రెండు పరీక్షలూ పంచుకుంటున్నది నూటికి ఒకటిన్నర వంతు. ఒకే పేరుతో ఉన్న రెండు వేరు సంగతుల్ని కొలుస్తున్నారన్నమాట. ఒకటి నైపుణ్యం, ఇంకొకటి ఆ నైపుణ్యం గురించి మనిషికున్న అభిప్రాయం. అభిప్రాయం పనికిరానిదని నేననను. పెళ్ళిళ్ళు నిలబడడం, డాక్టరు దగ్గరికి వెళ్ళడం, మానడం అన్నీ అభిప్రాయాల మీదే నడుస్తాయి. కాగితం మీద అభిప్రాయాన్ని కొలిచి, వ్యాసంలో నైపుణ్యం లోపించిందని రాయడమే నాకు నచ్చనిది.

ఇక అసలు గొడవ.

గుర్తుపట్టడానికి సంబంధించిన ఏడు అంశాల్ని, మాస్టారి పద్ధతిలో, పెన్ను పట్టుకుని నింపి చూడండి. అయోమయం, లోపల ఏం జరుగుతోందో అంతుబట్టకపోవడం, డాక్టర్లకి కూడా తెలియని ఒంటి బాధలు, ఎందుకో తెలియని కోపం. ఇవన్నీ ఉద్వేగాన్ని గుర్తుపట్టలేని మనిషి లక్షణాలే. ఒప్పుకుంటాను. కానీ ఆర్నెల్లుగా నిద్రలేని మనిషి కూడా ఈ ఏడింటికీ అయిదులే చుట్టడా? పంట పోయి అప్పులవాళ్ళు ఇంటిముందు కూర్చున్నవాడు? కాన్పయిన రెండోనెలలో ఏడుపాగని అమ్మాయి? బాధలో ఉన్న మనిషికి తన లోపల అంతా కలిసిపోయినట్టే ఉంటుంది. ఆ కలగలుపు బాధ వల్ల వచ్చిందా, బాధకన్నా ముందే ఉన్న తీరా అన్నది ఈ ఏడు వాక్యాలూ విడదీయలేవు.

2009లో లైజింగ్ అనే జర్మన్ పరిశోధకుడు, ఆయన సహచరులు ఈ సంగతిని మొహమాటం లేకుండా అన్నారు: ఈ స్కేలు కొలుస్తున్నది చాలామేరకు సాధారణ మానసిక బాధనే. వ్యాసం శీర్షికలోనే ఆ మాట పెట్టేశారు. దానికి చాలాముందే ఫిన్లాండు లెక్కలు చూసినవాళ్ళకి అనుమానం రావాల్సింది. అక్కడి సాధారణ జనం మీద 1999లో అచ్చయిన సర్వేలో నూటికి 13 మందికి గీత దాటిన స్కోరు వచ్చింది. మగవాళ్ళలో 17, ఆడవాళ్ళలో 10. మరుసటి ఏడాది హోంకలంపి బృందం డిప్రెషన్ లక్షణాలున్నవాళ్ళనీ లేనివాళ్ళనీ విడదీసి చూసింది. ఉన్నవాళ్ళలో దాదాపు మూడోవంతు గీత దాటారు. లేనివాళ్ళలో నూటికి నలుగురు. డిప్రెషన్ తగ్గితే చాలామందిలో ఈ స్కోరూ దిగుతుంది. మనిషి స్వభావమని మనం చెప్పుకుంటున్నది మూడు నెలల మాత్రలకి దిగడమేమిటి?

దీనికి టొరంటోవాళ్ళ దగ్గర జవాబుంది, అది తీసిపారేయదగ్గది కాదు. 2001లో లుమినే, బాగ్బీ, టేలర్ డిప్రెషన్ రోగుల్ని వైద్యానికి ముందూ తర్వాతా కొలిచి చూపించారు. మొత్తమ్మీద స్కోర్లు దిగాయి, నిజమే. కానీ వాళ్ళలో వాళ్ళకి వరస పెద్దగా మారలేదు. ముందు ఎక్కువ ఉన్నవాడికి తర్వాతా తక్కినవాళ్ళకన్నా ఎక్కువే. అంటే బాధ కింద స్వభావం అనేది ఏదో ఉంది. నేనిది నమ్ముతాను. నమ్మాక వచ్చే చిక్కు మాత్రం వాళ్ళు అంతగా పట్టించుకోలేదనిపిస్తుంది. వరస నిలకడగా ఉండి మట్టం కదిలిపోతుంటే, అరవై ఒకటి దగ్గర గీసిన గీతకి అర్థమేమిటి? ఒక మనిషికి జనవరిలో అలెక్సిథీమియా ఉండి ఏప్రిల్‌లో లేకుండా పోయిందంటామా? పరిశోధకుడికి వరస చాలు. ఎదురుగా కూర్చున్న రోగికి చీటీ రాసేవాడికి మట్టమే కావాలి.

ఈ కలగలుపు వల్ల నష్టమేమిటని అడగొచ్చు. ఆటిజం సంగతి తీసుకోండి. ఆటిజం ఉన్నవాళ్ళకి ఉద్వేగాలుండవని, ఎదుటివాళ్ళ బాధ పట్టదని చాలాకాలం పాఠ్యపుస్తకాలు కూడా అన్నాయి. జెఫ్ బర్డ్, రిచర్డ్ కుక్ 2013లో ఇంకో మాట ముందుకి తెచ్చారు. ఆ ఇబ్బంది ఆటిజంది కాదనీ, ఆటిజం ఉన్న కొందరిలో పక్కనే ఉండే అలెక్సిథీమియాదనీ. వేల కుటుంబాలకి ఇది ఊరటనిచ్చే సిద్ధాంతం. 2019లో కిన్నెయిర్డ్ బృందం అధ్యయనాలన్నీ కలిపి చూస్తే ఆటిజం ఉన్నవాళ్ళలో సుమారు సగంమందికి గీత దాటిన స్కోరుంది, పోల్చిచూడ్డానికి తీసుకున్నవాళ్ళలో నూటికి అయిదుగురికే. (ఫిన్లాండు సర్వేలో పదముగ్గురు, ఇక్కడ అయిదుగురు. ‘మామూలు జనం’ అనే మాట ఎంత సాగుతుందో చూడండి.) అయితే ఆ సగంమందిలో ఎంత భాగం అలెక్సిథీమియా, ఎంత భాగం బతుకులో పడ్డ ఆందోళన? ఆటిజం ఉన్నవాళ్ళకి ఆందోళన, కుంగుబాటు ఎక్కువని మనకి తెలుసు కదా. 2021లో విలియమ్స్, గోథమ్ ఇదే ప్రశ్నతో ఇరవై అంశాల్నీ ఒక్కొక్కటిగా జల్లెడపట్టి, ఆటిజం ఉన్న పెద్దవాళ్ళ విషయంలో నమ్మకంగా పనిచేసేవి ఎనిమిదేనని తేల్చారు. ఇరవైలో ఎనిమిది. మిగతా పన్నెండింటి మీద అంతకుముందు ఎన్ని పీహెచ్‌డీలు వచ్చాయో.

బయటి సంగతుల మీద దృష్టి అనే ఎనిమిది అంశాల గురించి కూడా ఒకమాట. 1994 వ్యాసంలోనే వీటి అంతర్గత పొందిక బలహీనం: గుర్తుపట్టే అంశాలకి ఆ పొందికని కొలిచే ఆల్ఫా 0.78, చెప్పే అంశాలకి 0.75, వీటికి 0.66. ఇతర భాషల్లోకి వెళ్ళేసరికి చాలాచోట్ల ఇంకా దిగింది. కారణం నాకు తేలిగ్గానే కనబడుతుంది. ఈ అంశాలు మనిషికి వచ్చే ఇబ్బందిని అడగవు, అతని అభిరుచినీ విలువల్నీ అడుగుతాయి. సమస్యని తవ్విచూడాలా, జరిగేది జరగనివ్వాలా. సినిమాలో దాగిన అర్థాలు వెతకాలా, సరదాగా చూసి రావాలా. సరదాగా చూసి వచ్చేవాడికి మార్కులు పెరుగుతాయి! ఆ లెక్కన సంక్రాంతికి ఫస్ట్ డే ఫస్ట్ షో చూసి ఈలలేసి బయటికొచ్చిన జనమంతా గీతకి దగ్గర్లోనే ఉంటారు. డీరీ, ఫాక్, రైడర్ 2012లో కెనడాలో యూరోపియన్, చైనా మూలాలున్న విద్యార్థుల్ని పోల్చారు; తేడా ముఖ్యంగా ఈ భాగంలోనే వచ్చింది, అదీ సాంస్కృతిక విలువలతో ముడిపడి ఉంది. లారెన్స్ కిర్మాయర్ 1987లోనే హెచ్చరించారు, తన ఉద్వేగాల్ని విప్పి మాటల్లో పెట్టడం ఆరోగ్యలక్షణమని అనుకోవడం ఒక సమాజపు అలవాటేనని.

మన దేశంలో ఈ పని ఆలస్యంగా ఏమీ మొదలవలేదు. 1980ల చివర్లోనే బెంగళూరు నిమ్హాన్స్ నుంచి వ్యాసాలొచ్చాయి. హిందీ టాస్-20ని పాండే, మండల్, టొరంటో బృందంతో కలిసి 1996లో అచ్చువేశారు. తెలుగు మాట్లాడే రోగులకి ఇలాంటి స్కేలు చదివి వినిపించినవాళ్ళకి కొన్ని సంగతులు అనుభవమే. తిరగేసిన వాక్యం, దానికి ‘ఒప్పుకోను’ అనే జవాబు కలిస్తే లేదన్నది లేదు అన్నట్టవుతుంది, అడిగేవాడికీ చెప్పేవాడికీ ఇద్దరికీ లెక్క తప్పుతుంది. ‘ఫీలింగ్’ అని వాడితే ఇంకో తంటా. మనకి ఫీలవడమంటే నొచ్చుకోవడం. మీరేం ఫీలవుతున్నారో మీకు తెలుస్తుందా అంటే “నేనెవరి మాటకీ ఫీలవనండి” అంటారు, ఆ జవాబుకి ఏ అంకె వేస్తాం? అయిదు గడులు చదివి వినిపించేలోగా మొదటి గడి మర్చిపోయిన ముసలమ్మ “నువ్వే ఏదో ఒకటి వెయ్యి నాయనా” అంటుంది. వేస్తాం. అదే డేటా.

అంతకన్నా ముఖ్యమైంది ఒకటుంది. అరికాళ్ళ మంటలు, గుండెల్లో గాబరా, నరాల బలహీనత అంటూ ఓపీకి వచ్చే మనిషిని చూడగానే ఉద్వేగాన్ని ఒంటి బాధగా పొరబడుతున్నారని రాసేయడం మన యువ డాక్టర్లకి అలవాటవుతోంది. ఇంకో అయిదు నిమిషాలు కూర్చోండి. ఈ మంటలు ఎప్పట్నుంచి అంటే, “మా పెద్దాడు దుబాయి పోయిన కాణ్ణించి” అంటుంది. ఆవిడకి తన బెంగ తెలుసు. డాక్టరుకి ఒళ్ళు చూపించాలి కాబట్టి ఒళ్ళు చూపించింది, ఆస్పత్రి మర్యాద పాటించింది. కడుపు తరుక్కుపోయింది, ప్రాణం ఉసూరుమంది అని మనం అన్నప్పుడు జీర్ణకోశం గురించీ శ్వాస గురించీ చెప్పడం లేదు. చాలా నిర్దిష్టమైన ఉద్వేగాన్ని చెబుతున్నాం. లేన్ పరీక్షలో ఈ జవాబుని మాటకి మాట ఇంగ్లీషులో పెట్టి మార్కులేస్తే ఒంటి బాధ మెట్టు దగ్గరే ఆగిపోతుంది.

ఇన్ని చెప్పి, ప్రశ్నావళుల్ని మూలన పడేయమంటున్నానా? లేదు. కొత్తవి బాగానే ఉన్నాయి. 2018లో ఆస్ట్రేలియాలోని పెర్త్ నుంచి ప్రీస్ బృందం 24 అంశాల స్కేలు తెచ్చింది. సంతోషం లాంటి వాటిని గుర్తుపట్టడాన్నీ, బాధ కోపం లాంటి వాటిని గుర్తుపట్టడాన్నీ వేరుచేసి అడుగుతుంది. అంత సాదా సంగతి ఎవరికీ ముందు తట్టకపోవడం వింతే. కోపంలో తికమకపడే మనిషి సంతోషాన్ని చటుక్కున పోల్చుకోవచ్చు. సంతోషాన్ని కూడా పోల్చుకోలేనివాడి కథ వేరు. బాధతో కలగలిసిపోయే చిక్కు ఇందులోనూ పూర్తిగా తీరలేదు గానీ, కనీసం ఎక్కడ చూడాలో చూపిస్తుంది. టొరంటోవాళ్ళే 2006లో 24 ప్రశ్నల ఇంటర్వ్యూ కూడా తయారుచేశారు. అందులో నాకు నచ్చింది ఒక్కటే, అదే చాలు: అవును అన్న ప్రతిసారీ ఒక ఉదాహరణ చెప్పమంటుంది. ఉదాహరణ చెప్పడంలోనే తెలుస్తుంది, ఈ మనిషికి తెలియడం లేదా, తెలిసింది భరించలేకపోతున్నాడా అని. ఎక్కువసేపు పడుతుందని పెద్దగా ఎవరూ వాడరు. వ్యాసం రాయడానికి మూడొందలమంది శాంపిల్ కావాలి, కాగితం పది నిమిషాల్లో అయిపోతుంది. ఈ రంగంలో ఏది గెలిచిందో ఎందుకు గెలిచిందో అర్థం చేసుకోవడానికి సిద్ధాంతాలకన్నా ఈ లెక్క ఎక్కువ ఉపయోగపడుతుంది.

పోగొట్టుకున్నది కూడా ఒకటి చెప్పాలి. 1976లో నెమాయా, ఫ్రైబర్గర్, సిఫ్నియోస్ ఇచ్చిన వర్ణనలో ఊహాశక్తి, పగటికలలు తక్కువగా ఉండడం ఒక లక్షణం. 1985 స్కేలులో పగటికలల మీద అంశాలుండేవి. అవి తక్కినవాటితో సరిగా కలవలేదు. పైగా పగటికలలు కంటానని ఒప్పుకోవడానికి మొహమాటం అడ్డొచ్చింది. 1994కి తీసేశారు. దాంతో ఊహ అనేది ప్రశ్నావళుల్లోంచి దాదాపు మాయమైంది. ఆమ్‌స్టర్‌డాంలో బెర్మండ్, వోర్స్ట్ మాత్రం తమ నలభై అంశాల స్కేలులో దాన్ని ఉంచుకున్నారు. కొలవడానికి లొంగనిదాన్ని నిర్వచనంలోంచే తీసేయొచ్చా అన్న వాదం ఇంకా నడుస్తోంది. నా ఓటు బెర్మండ్ వైపు, ఆ స్కేలుకీ లోపాలున్నా సరే.

ఇక ఇక్కడున్న విద్యార్థులకి, మార్గదర్శకులకి ఆచరణకి పనికొచ్చే మాటలు చెప్పి ఆపేస్తాను. ఓపీలో టాస్-20 పెట్టేటట్టయితే దాని పక్కన డిప్రెషన్ స్కేలు లేకుండా పెట్టకండి. మొత్తం స్కోరు ఫైల్లో రాసి కాగితం చింపేయకండి, ఇరవై అంకెలూ ఉంచండి. మూడోనెల మళ్ళీ పెట్టి ఏ అంశాలు దిగాయో ఏవి అలాగే ఉన్నాయో చూడండి, ఆ తేడాలో స్కోరులో లేనిది దొరుకుతుంది. అయిదు చుట్టినచోట “ఈమధ్య ఎప్పుడలా అయింది?” అని అడగండి. ఒకట్ల వరస కనిపిస్తే ఇంట్లోవాళ్ళని ఒకసారి రమ్మనండి. ‘ఉంది’, ‘లేదు’ అని రోగికి చెప్పకండి, అలా చెప్పే హక్కు ఈ స్కేలు ఎవరికీ ఇవ్వలేదు. థీసిస్ రాసేవాళ్ళకి మాత్రం ముందే చెబుతున్నాను. డిప్రెషన్‌నీ ఆందోళననీ లెక్కలోకి తీసుకోకుండా గుర్తుపట్టే స్కోరుకీ ఇంకోదానికీ సహసంబంధం చూపించి, అలెక్సిథీమియా వల్ల ఇలా అవుతోందని ముగించిన థీసిస్ నా దగ్గరికి వాల్యుయేషన్‌కి వస్తే తిప్పి పంపుతాను. ఇప్పటికే కొన్ని పంపాను. వాటి మార్గదర్శకులు కొందరు ముందు వరసలోనే కూర్చుని ఉన్నారు, ప్రశ్నల సమయంలో వాళ్ళకే మొదటి అవకాశం ఇవ్వమని అధ్యక్షుల్ని కోరుతున్నాను.